నగదు పోయిన భట్నాగర్‌కు మిగిలింది నమ్మకమే

సెప్టెంబరు 26 అంటే మన పరిశోధన సంస్థల్లో ఒకప్పుడు రిజల్ట్స్ రోజు. 1942లో సీఎస్‌ఐఆర్ (శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి) పుట్టిన తేదీ అది. ఆ సంస్థ తొలి అధిపతి శాంతి స్వరూప్ భట్నాగర్ పేరిట 45 ఏళ్లలోపు శాస్త్రవేత్తలకిచ్చే బహుమతుల జాబితా ఆ రోజే వచ్చేది. ఎవరికొచ్చింది, మనవాళ్లున్నారా, ఏ సబ్జెక్టులో ఎవరికీ ఇవ్వకుండా వదిలేశారు? క్యాంటీన్‌లో టీ చల్లారిపోయేదాకా ఇదే ముచ్చట. 2022లో ఆ తేదీ వచ్చి వెళ్లిపోయింది, జాబితా మాత్రం రాలేదు. సైన్సు అవార్డులన్నిటినీ కేంద్రం సమీక్షిస్తోందన్నారు. ఆ ఏటి పన్నెండు మంది పేర్లు బయటికొచ్చేసరికి 2023 సెప్టెంబరు అయింది.

ఆ తర్వాత బహుమతి రూపమే మారింది. రాష్ట్రీయ విజ్ఞాన్ పురస్కారాల పేరిట రత్న, శ్రీ, యువ, టీమ్ అని నాలుగు విభాగాలు పెట్టారు. 45 ఏళ్లలోపు వారికిచ్చే 'విజ్ఞాన్ యువ'కు భట్నాగర్ పేరు జోడించారు. 2024 ఆగస్టు 22న రాష్ట్రపతి భవన్‌లో తొలిసారి అందించిన 33 పురస్కారాల్లో 18 ఈ విభాగానివే. ప్రభుత్వ శాఖకో అవార్డు చొప్పున పేరుకుపోయినవాటిని ఇలా తగ్గించడంలో తప్పు పట్టాల్సిందేమీ లేదు.

తేడా వచ్చింది డబ్బు దగ్గర. పాత బహుమతికి 5 లక్షల రూపాయలతో పాటు, 65 ఏళ్లు వచ్చేదాకా నెలకు 15,000 ఇచ్చేవారు. 45వ ఏట అందుకున్నవారికి ఇరవై ఏళ్లలో అది 36 లక్షలు. కొత్తదానికి పతకం, ప్రశంసాపత్రం మాత్రమే. పద్మ పురస్కారాలకూ నగదు లేదు కదా అంటారు. నిజమే, కానీ అవి ఎక్కువగా తల నెరిశాక వచ్చేవి. పరిశోధకులకిచ్చే ఇన్ఫోసిస్ బహుమతి చూడండి: 2024లో వయోపరిమితిని 50 నుంచి 40కి దించి, లక్ష డాలర్లను అలాగే ఉంచారు.

సరే, డబ్బు వద్దనే అనుకుందాం. అప్పుడు ఆ పతకానికి విలువ ఎక్కడి నుంచి రావాలి? ఎంచినవాళ్ల నుంచి. భట్నాగర్‌కు పేరొచ్చింది కూడా అలాగే. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదువుకున్న సి.ఆర్.రావుకు 1963లో ఆ బహుమతి ఇచ్చారు. అరవై ఏళ్ల తర్వాత, 102 ఏళ్ల వయసులో, ఆయనకు గణాంకశాస్త్ర అంతర్జాతీయ బహుమతి వచ్చింది. జీవరసాయన శాస్త్రవేత్త జి.పద్మనాభన్ 1983లో భట్నాగర్ విజేత, 2024లో మొట్టమొదటి విజ్ఞాన్ రత్న కూడా ఆయనే. తోటి శాస్త్రవేత్తల అంచనా ఎంత దూరం చూడగలదో చెప్పడానికి ఈ ఇద్దరూ చాలు.

అందుకే 2024 జాబితా వచ్చాక జరిగింది చిన్న విషయం కాదు. నిపుణుల సంఘం ఆమోదించిన పేర్లు కొన్ని తర్వాత ఎక్కడైనా జారిపోయాయా, సైన్సుతో సంబంధం లేని లెక్కలేమైనా పనిచేశాయా అని అడుగుతూ భట్నాగర్ పాత విజేతలతో సహా పలువురు శాస్త్రవేత్తలు ప్రభుత్వ ప్రధాన శాస్త్రీయ సలహాదారుకు లేఖలు రాశారు. అనుమానం నిజమో కాదో తర్వాత. అడగాల్సి రావడమే పతకానికి మచ్చ.

పాతదంతా బంగారమేమీ కాదు లెండి. 1958లో మొదలైన బహుమతి అసీమా ఛటర్జీ రూపంలో ఒక మహిళను 1961లోనే గుర్తించింది. అలాంటిది 2021లో పదకొండు మంది, 2022లో పన్నెండు మంది, మొత్తం 23 పేర్లలో ఒక్క మహిళా లేదు. పీహెచ్‌డీ, ఆ తర్వాత మరొకరి ల్యాబ్‌లో చేసే పోస్ట్‌డాక్ పరిశోధన ముగించుకుని సొంత ల్యాబ్ పెట్టుకునేసరికే ముప్పై అయిదు దాటుతున్నాయి. పరికరాలొచ్చి మొదటి బ్యాచ్ విద్యార్థుల పేపర్లు పడేలోపు 45 ముంచుకొస్తుంది. మధ్యలో ప్రసవం, పిల్లల పెంపకం అంటే ఆ గడియారం ఆగదు. 2024 యువ జాబితాలో క్వాంటమ్ ప్రయోగాలు చేసే ఉర్బసి సిన్హా లాంటివారు కనిపించడం కాస్త ఊరట.

పాత పద్ధతిని తిరిగి తెమ్మని ఎవరూ పట్టుబట్టడం లేదు. జాబితాతో పాటు రెండు అంకెలు వేస్తే చాలు: ఎంపిక సంఘం సిఫారసు చేసిన పేర్లు ఎన్ని, చివరికి ప్రకటించినవి ఎన్ని. రెండూ ఒకటే అయితే లేఖలు రాసేవారికి పనుండదు. తేడా ఉంటే ఎందుకో పక్కనే ఒక వాక్యం. దానికి ఖజానా నుంచి రూపాయి కూడా కదలక్కర్లేదు.