అమ్మ పరువు తీసిన 19 ఏళ్ళ పిల్ల మీద నా ఫిర్యాదు

ఇది చాలా లేటుగా ఇస్తున్న ఫిర్యాదని నాకూ తెలుసు. నేరం జరిగింది 1958 మే 27న, లండన్‌కి తూర్పున స్ట్రాట్‌ఫర్డ్‌లో థియేటర్ రాయల్ అనే పాత నాటకాల హాల్లో. ముద్దాయి పేరు షీలా డెలానీ, వయసు 19, ఊరు మాంచెస్టర్‌ని ఆనుకుని ఉండే సాల్ఫర్డ్, నాన్న బస్సు ఇన్‌స్పెక్టరు, పదకొండేళ్ళ పిల్లలకి అప్పట్లో అక్కడ పెట్టే పరీక్షలో తప్పిన అమ్మాయి. ఇక నేరం అంటారా, తను రాసిన నాటకంలో స్టేజి మీదకి ఒక అమ్మని ఎక్కించి రెండంకాల పొడుగునా ఆవిడ చేత కూతురి కోసం ఒక్క త్యాగమైనా చేయించలేదు, అదీ నేరం. కనీసం పస్తులు కూడా ఉంచలేదండీ.

నాటకం పేరు 'ఎ టేస్ట్ ఆఫ్ హనీ'. పేరులో తేనె ఉంది కదా అని చంటిపిల్లలకి నాకిద్దాం అనుకునేరు. తెర తీయగానే హెలెన్ అనే నలభై ఏళ్ళావిడ జలుబుతో ముక్కు చీదుకుంటూ జో అనే కూతుర్ని వెంటేసుకుని ఒక దిక్కుమాలిన అద్దె పోర్షన్లో దిగుతుంది, సామాను సర్దకముందే ఆవిడకి మందు కావాలి. కిటికీలోంచి చూస్తే గ్యాస్ ఫ్యాక్టరీ, చుట్టుపక్కల కబేళా. ఆవిడ బతుకుతెరువు ఏంటో రచయిత్రి స్క్రిప్టు మొదట్లోనే ఒక్క మాటలో రాసేసింది, ఆ మాట నేనిక్కడ రాయను, మా బంధువులు చదువుతారు. అన్నిటికంటే ఘోరం, జో వాళ్ళమ్మని "హెలెన్" అని పేరు పెట్టి పిలుస్తుంది. చిన్నప్పుడు కాపీరాత పుస్తకంలో మాతృదేవోభవ అని వందసార్లు రాసినదాన్ని, నాకు గుండె దడ రాదా చెప్పండి.

పోనీ పిల్లకి ఈ బుద్ధి ఎలా పుట్టిందా అని ఆరా తీశాను. మాంచెస్టర్‌లో రాటిగన్ అనే పెద్దమనిషి రాసిన నాటకం ఆడుతుంటే చూడ్డానికెళ్ళిందట, అది ఫ్రాన్స్ సముద్రతీరంలో డబ్బున్నావిడ ప్రేమ కష్టాల కథ, చూసి ఇంటికొచ్చి "ఇంతకంటే నేనే బాగా రాస్తా" అనుకుని రెండు వారాల్లో రాసి పడేసి ఆ స్ట్రాట్‌ఫర్డ్ హాల్లో నాటకాల ట్రూపు నడిపే డైరెక్టరమ్మ జోన్ లిటిల్‌వుడ్‌కి పోస్టులో పంపించేసింది. మనం నాటకం బాగోకపోతే ఏం చేస్తాం, ఇంటర్వెల్లో సమోసా తిని వచ్చేస్తాం. ఆ సంయమనం ఈ పిల్లకి లేదు.

అసలు అంతకుముందు దేశం ఎంత పద్ధతిగా ఉండేదని! 1956లో ఆస్బర్న్ అనే ఆయన 'లుక్ బ్యాక్ ఇన్ యాంగర్' అనే నాటకం రాశాడు, అందులో కుర్రాడు ఆదివారం పూట కూర్చుని లోకాన్నంతా తిడుతూ ఉంటాడు, పెళ్ళాం ఇస్త్రీ చేస్తూ ఉంటుంది. యాంగ్రీ యంగ్ మెన్ అని పేపర్లన్నీ మురిసిపోయాయి. కోపం మగవాళ్ళది, ఇస్త్రీపెట్టె ఆడవాళ్ళది, ఎవరి డిపార్ట్‌మెంటు వాళ్ళది. డెలానీ వచ్చి ఏం చేసిందంటే ఇస్త్రీపెట్టె కట్టేసి కోపాన్ని తల్లీకూతుళ్ళ చేతికి ఇచ్చేసింది, ఇద్దరూ సరిసమానంగా పంచుకున్నారు. ఒక పత్రిక విమర్శకుడైతే పాపం, ఒకప్పుడు డ్రాయింగు రూముల్లో జరిగే మంచి నాటకాలు రాసేవాళ్ళు, ఇప్పుడు ఈ సంక్షేమ రాజ్యం వచ్చాక అటక గదుల్లో జరిగే చెత్త నాటకాలు రాస్తున్నారని వాపోయాడు. నిజమే, సోఫా మంచిది లేకపోతే బాధ కూడా మంచిగా ఉండదు.

సర్కారు మాత్రం అమ్మల కోసం ఏం తక్కువ చేసింది? యుద్ధం టైంలో ఫ్యాక్టరీల్లోకి ఆడవాళ్ళు కావలసొచ్చి పిల్లల్ని చూసుకునే నర్సరీలు తెరిచారు, యుద్ధం అయిపోగానే చాలావాటికి తాళాలేశారు. ఇంక ఇంట్లో కూర్చుని ప్రేమించండమ్మా అని. 1951లో జాన్ బౌల్బీ అనే డాక్టరు గారు ప్రపంచ ఆరోగ్య సంస్థకి రిపోర్టు రాసిచ్చారు, పసిబిడ్డకి తల్లి ప్రేమ ఎడతెగకుండా అందాలి, లేకపోతే మనసు దెబ్బతింటుంది అని. తల్లి లేకపోతే ఆ స్థానంలో నిలకడగా ఉండే మనిషైనా ఉండాలన్నారు, ఈ ముక్క కొంచెం గుర్తు పెట్టుకోండి, మళ్ళీ అవసరం పడుతుంది. డబ్బు కూడా ఇచ్చారు. 1946 నుంచి ఫ్యామిలీ అలవెన్సు, వారానికి 5 షిల్లింగులు, అదీ తల్లి చేతికే. కాకపోతే చిన్న మెలిక, రెండో బిడ్డ నుంచే. మొదటి బిడ్డకి ప్రేమ ఫ్రీగా పుట్టాలి. హెలెన్‌కి ఉన్నది జో ఒక్కతే కాబట్టి సర్కారు లెక్కలో ఆవిడకి రావాల్సింది సున్నా, అంత ఇచ్చినా ఆవిడ మంచి తల్లి అవ్వలేదంటే ఏమనుకోవాలి. ప్రధాని మాక్మిలన్ 1957లో, మన జనంలో చాలామందికి ఇంత మంచి రోజులు ఎప్పుడూ లేవు అన్నాడు. హెలెన్ పేపరు చదవలేదేమో.

ఆ గదిలో రెండు వస్తువుల సంగతి చెప్పాలి. ఒకటి పైన వేలాడే బల్బు. దానికి డూమూ లేదు, ఏమీ లేదు, ఆ వెలుతురు చూడలేక జో దాని చుట్టూ ఏదైనా గుడ్డ కట్టాలని చూస్తుంది. రెండోది పూలమొక్కల దుంపలు, పార్కులోంచి కొట్టుకొచ్చినవి, గదిలో పెంచుకుందామని. ఇంగ్లీషులో ఈ రెంటికీ ఒకటే మాట, బల్బు. తెలుగులో ఆ సుఖం లేదు కానీ మనకి ఇంకో సుఖం ఉంది. పెళ్ళి చేసుకుని ఒంటికన్ను పీటర్‌తో హెలెన్ చక్కా పోతుంది, పిల్లని క్రిస్మస్‌కి ఒంటరిగా వదిలేసి. జో దగ్గరికి వచ్చిన నల్లజాతి నావికుడు ఊల్‌వర్త్స్ అనే చవక కొట్లో కొన్న ఉంగరం తొడిగి వెళ్ళిపోతాడు, ఆ పిల్లకి నెల తప్పుతుంది, నెలలు గడిచాక ఎప్పుడో ఆ దుంపలు బయటపడతాయి, ఎండి చచ్చిపోయి. పోసిన నీళ్ళు లేవు, తగిలిన ఎండ లేదు. మన ఇళ్ళల్లో అమ్మలు పొద్దున్నే "నీ దుంప తెగ" అని ముద్దుగా తిడతారే, అది అక్కడ అక్షరాలా జరిగింది, కాకపోతే ఆవిడ నోటితో అనలేదు.

ఇలాంటిది స్టేజి ఎక్కకుండా ఆపడానికి ఒక మనిషి లేడా అంటే ఉన్నాడు. లార్డ్ ఛాంబర్లేన్. రాణి గారి ఇంట్లో పెళ్ళిళ్ళూ పేరంటాలూ, తోటలో టీ పార్టీకి ఎవర్ని పిలవాలి, ఇవన్నీ చూసే దొరవారు, ఖాళీ టైంలో దేశంలో ఆడే ప్రతి కొత్త నాటకం స్క్రిప్టూ ఆయన ఆఫీసే చదివి లైసెన్సు ఇవ్వాలి. 1737 చట్టంతో మొదలైన ఈ భోగం 1968 దాకా నడిచింది. అంటే సాల్ఫర్డ్‌లో ఒక అమ్మాయికి కడుపు రావచ్చా రాకూడదా అని సెయింట్ జేమ్స్ ప్యాలెస్‌లో కూర్చుని తేలుస్తారన్నమాట. లైసెన్సు అయ్యాక ఒక్క మాట అటూ ఇటూ అయినా తప్పే, ఇదే లిటిల్‌వుడ్ ట్రూపు మీద అదే 1958లో కోర్టు కేసు నడిచింది, భవనం కట్టే కూలీల నాటకంలో యాక్టర్లు రాసింది కాకుండా సొంత మాటలు మాట్లాడారని. కూలీ తిడితే ముందు పర్మిషన్ తీసుకుని తిట్టాలి. మరి అలాంటి ఆఫీసు ఈ నాటకాన్ని ఎలా వదిలిందండీ? అక్కడే నా అనుమానం, చదివిన ఉద్యోగికి ఇంట్లో ఎవరో హెలెన్ ఉండి ఉంటుంది.

ఇంక జెఫ్. ఆర్ట్ స్కూల్లో చదువుకునే కుర్రాడు, అద్దెకున్న ఇంటి ఓనరమ్మ వెళ్ళగొడితే జో గదిలో సోఫా మీద సర్దుకుంటాడు. వచ్చిన దగ్గర్నుంచీ ఊడుస్తాడు, వండుతాడు, పుట్టబోయే బిడ్డకి చొక్కాలు కుడతాడు, ఎక్కణ్ణించో బుట్ట ఊయల పట్టుకొస్తాడు, పసిపిల్లల్ని ఎలా పెంచాలో పుస్తకం తెచ్చి చదివి వినిపిస్తాడు. డాక్టరు గారు చెప్పిన "తల్లి స్థానంలో నిలకడగా ఉండే మనిషి" అచ్చంగా వీడే. చిక్కల్లా ఒకటే, వాడికి మగవాళ్ళంటే ఇష్టం, ఆ మాట ఆ రోజుల్లో స్టేజి మీద ఎత్తకూడదు, ఆ రూలు 1958 నవంబర్లో గానీ సడల్లేదు. బయట అయితే 1967 దాకా జైలే. అంటే నాటకం మొత్తానికి అమ్మ అనిపించుకునే మనిషి ఒక్కడుంటే, బౌల్బీ లెక్కన వాడికి అలవెన్సు ఇవ్వాలి, చట్టం లెక్కన బేడీలు వెయ్యాలి. రెండు ఆఫీసులూ పక్కపక్కనే ఉంటే ఎంత ఇబ్బంది.

నా ఫిర్యాదు ఎవరూ పట్టించుకోలేదు లెండి. 1959లో నాటకం లండన్‌లో పెద్ద పెద్ద థియేటర్లుండే వెస్ట్ ఎండ్‌కి వెళ్ళింది, ఖరీదైన కోట్లేసుకుని వచ్చి ఆ గదిని చూసి చప్పట్లు కొట్టారు, సాల్ఫర్డ్‌లో మాత్రం మా ఊరి పరువు తీసిందని కొందరు మండిపడ్డారు. 1960లో న్యూయార్క్‌లో ఆడినప్పుడు హెలెన్‌గా ఏంజెలా లాన్స్‌బరీ, జోగా జోన్ ప్లోరైట్, వయసులో తేడా నాలుగేళ్ళు. మన హీరోల అమ్మ పాత్రల మీద జోకులేసేవాళ్ళు ఇది గమనించగలరు.

1961లో సినిమా కూడా తీశారు, జోగా రీటా టషింగ్‌హామ్, హెలెన్‌గా డోరా బ్రయన్. సాక్ష్యం కోసం నేను మొన్న అమ్మని పక్కన కూర్చోబెట్టుకుని చూశాను, డైలాగులు తెలుగులో చెప్తూ. హెలెన్ కూతుర్ని వదిలేసి వెళ్ళే సీన్లో అమ్మ భగ్గుమంటుందని ఎదురుచూశా. అమ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీసుకుంటూ "పోనీవే, ఎన్నాళ్ళని ఉంటుంది ఆ కొంపలో" అంది. నా కేసు అక్కడే సగం వీగిపోయింది. చివర్లో హెలెన్ తిరిగొచ్చి జెఫ్‌ని సాగనంపేస్తుంది, బయట పిల్లలు మంటలేసుకుని పండగ చేసుకుంటుంటారు, నిండు చూలాలు జో చేతిలో ఒక కాకరపువ్వొత్తి వెలుగుతూ ఉంటుంది, చాలా గొప్ప షాటు, నేను కళ్ళు తుడుచుకుంటున్నా. అమ్మ చేతిలో కాయ అలాగే పట్టుకుని తెర వంక చూసి, "ఆ అబ్బాయిని ఎందుకు పంపించేసిందే, రేపు పురుడొస్తే పిల్లకి పథ్యం ఎవరు వండుతారు" అంది.