మెదడు లాంటి చిప్: న్యూరాన్ల లెక్క పక్కన పెట్టి కరెంటు లెక్క చూద్దాం

విశాఖపట్నంలో గూగుల్ కట్టబోయే డేటా సెంటర్ సామర్థ్యం ఒక గిగావాట్ స్థాయిలో ఉంటుందని 2025 అక్టోబరులో ప్రకటించారు. ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడి అన్నారు. ఒక గిగావాట్ అంటే వంద కోట్ల వాట్లు. మనిషి మెదడు నడవడానికి సుమారు 20 వాట్లు చాలు. భాగించి చూస్తే 5 కోట్లు వస్తుంది. 2011 జనాభా లెక్కల్లో నేటి ఆంధ్రప్రదేశ్ జనాభా దాదాపు అంతే. అంటే రాష్ట్రంలోని మెదళ్లన్నీ కలిసి వాడుకునే శక్తి ఎంతో, ఆ ఒక్క కేంద్రానికి అంత కావాలి. డేటా సెంటర్ కోట్లమందికి పనిచేస్తుంది, మెదడు ఒక్కరికే పనిచేస్తుంది కాబట్టి రెండింటినీ ఒకే తక్కెడలో తూచడం కుదరదు. అయినా 20 వాట్లతో చూపు, మాట, నడక, జ్ఞాపకం అన్నీ నడిపిస్తున్న యంత్రాంగం మన తలలోనే ఉన్నప్పుడు, కంప్యూటర్‌కు ఇంత కరెంటు ఎందుకు అవుతోందని అడగాల్సిందే.

ఆ కరెంటులో పెద్ద భాగం లెక్కలు చేయడానికి ఖర్చు కావడం లేదు. స్టాన్‌ఫోర్డ్ ప్రొఫెసర్ మార్క్ హొరొవిట్జ్ 2014లో ఇచ్చిన అంకెలను చిప్‌ల రంగంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. చిప్ తయారీ తరాన్ని నానోమీటర్లలో చెబుతారు, అంకె తగ్గేకొద్దీ తయారీ అధునాతనం. 45 నానోమీటర్ల చిప్‌లో రెండు 32 బిట్ల దశాంశ సంఖ్యలను కూడటానికి 0.9 పికోజౌళ్లు పడుతుంది (పికోజౌల్ అంటే ఒక జౌల్ శక్తిలో లక్ష కోట్లో వంతు). అంతే పొడవున్న ఒక సంఖ్యను బయటి డీర్యామ్ మెమొరీ నుంచి తేవాలంటే దాదాపు 640 పికోజౌళ్లు. కూడిక కంటే దాని కోసం చేసే ప్రయాణానికి ఏడు వందల రెట్లు ఎక్కువ ఖర్చన్నమాట. పొయ్యి ఒక ఊళ్లో, సరుకుల గది ఇంకో ఊళ్లో పెట్టుకుని వంట చేసినట్టుంటుంది. ప్రాసెసర్‌ను, మెమొరీని విడివిడిగా ఉంచే పద్ధతి 1940ల నాటిది. అప్పట్లో అది సరైన నిర్ణయమే. కోట్లాది సంఖ్యలను పదేపదే తెచ్చి గుణించాల్సిన ఏఐ వచ్చాకే అది మోయలేని భారమైంది.

మెదడులో ఈ విభజన లేదు. సుమారు 8,600 కోట్ల న్యూరాన్లను, అంటే నాడీకణాలను, కలిపే సినాప్సుల్లోనే జ్ఞాపకం ఉంటుంది, పనీ అక్కడే జరుగుతుంది. న్యూరాన్లను అడుగడుగునా నడిపించే గడియారం లేదు. ఒక న్యూరాన్ చాలాసేపు మౌనంగా ఉండి, చెప్పాల్సింది ఉన్నప్పుడే చిన్న విద్యుత్ పలుకు పంపుతుంది. దాన్నే స్పైక్ అంటారు.

దీన్ని సిలికాన్‌లోకి తేవచ్చని 1980లలోనే పట్టుబట్టిన మనిషి అమెరికాలోని కాల్టెక్ విద్యాసంస్థకు చెందిన కార్వర్ మీడ్. ఇలా మెదడు తీరును అనుసరించే చిప్‌లకు న్యూరోమార్ఫిక్ అనే పేరు ఆయన పెట్టిందే. మామూలు డిజిటల్ చిప్‌లో ట్రాన్సిస్టర్ పూర్తిగా ఆన్, లేదంటే పూర్తిగా ఆఫ్. ఆ రెండింటి మధ్య, ఆన్ అయ్యే గీతకు కాస్త కింద, అతి స్వల్పంగా కరెంటు పారే స్థితిలో ట్రాన్సిస్టర్ ప్రవర్తన న్యూరాన్ పొరలోని అయాన్ ద్వారాల తీరుకు దగ్గరగా ఉంటుందని ఆయన చూపించారు. ఆ సూత్రం మీద ఆయన శిష్యురాలు మిషా మహోవాల్డ్ సిలికాన్ రెటీనా, అంటే కంటి లోపలి తెరలా పనిచేసే చిప్, తయారుచేశారు.

ఆ రెటీనా గురించి కాస్త ఎక్కువ చెప్పుకోవాలి, ఎందుకంటే ఈ రంగంలో అన్నిటికన్నా స్పష్టంగా ఫలితం చూపించిన దారి అదే. మన కంట్లో కాంతిని పట్టే కణాలు పది కోట్లకు పైనే. మెదడుకు వెళ్లే నాడీ తంతువులు మాత్రం సుమారు పది లక్షలు. అంటే రెటీనా చూసిందంతా పంపదు. తేడా ఉన్న చోటు, మార్పు వచ్చిన చోటు ఏరి పంపుతుంది. జ్యూరిక్ పరిశోధకులు ఇదే పద్ధతితో తర్వాత ఈవెంట్ కెమెరాలు తయారుచేశారు. రాత్రిపూట ఖాళీ వరండాను కాపలా కాసే సీసీ కెమెరాను తీసుకోండి. ఎవరూ లేకపోయినా సెకనుకు పాతికో ముప్పయ్యో ఫొటోలు, అదే గోడ, అదే తలుపు, తీస్తూనే ఉంటుంది. ఈవెంట్ కెమెరాలో ప్రతి పిక్సెల్ తన మీద పడే వెలుతురు మారినప్పుడే నోరు విప్పుతుంది. పిల్లి నడిచి వెళ్తే పిల్లి అంచుల దగ్గరి పిక్సెళ్లు పలుకుతాయి, గోడ మీదివి దాదాపుగా పలకవు. పలికేవి కూడా మైక్రోసెకన్లలో పలుకుతాయి. డేటా తగ్గుతుంది, కరెంటు తగ్గుతుంది, వేగం పెరుగుతుంది.

పెద్ద కంపెనీల చిప్‌ల దగ్గరికి వచ్చేసరికి ప్రచారం ఇంకో దారి పట్టింది. 2014లో ఐబీఎం ట్రూనార్త్ వచ్చింది. పది లక్షల న్యూరాన్లు, పాతిక కోట్ల పైచిలుకు సినాప్సులు, ఖర్చు 70 మిల్లీవాట్లు. 2024లో ఇంటెల్ హాలా పాయింట్ వచ్చింది. 1,152 లోయిహి 2 చిప్‌లు, 115 కోట్ల న్యూరాన్లు, గరిష్ఠంగా 2,600 వాట్లు. ఇది గుడ్లగూబ మెదడుతో సమానమన్నట్టు వార్తలు రాశారు. నాకు అభ్యంతరం ఇక్కడే. చిప్‌లోని న్యూరాన్ ఒక చిన్న సమీకరణం. జీవకణం ఒక్కొక్కటీ ఎన్నో రసాయన చర్యల నిలయం. రెండింటినీ ఒకే పేరుతో పిలిచి సంఖ్యలు పోల్చడం పాఠకుడిని తప్పుదారి పట్టించడమే. ఆ యంత్రం గుడ్లగూబలా చీకట్లో ఎలుకను పట్టలేదు. పట్టాల్సిన అవసరమూ దానికి లేదు.

ఐబీఎం తర్వాతి అడుగే ఇందుకు మంచి సాక్ష్యం. ట్రూనార్త్‌ను నడిపించిన ధర్మేంద్ర మోధా బృందమే 2023లో నార్త్‌పోల్ చిప్‌ను తెచ్చింది. అందులో స్పైకులు లేవు. మెదడు నుంచి వాళ్లు ఉంచుకున్నది ముఖ్యంగా ఒకే పాఠం, మెమొరీని లెక్క జరిగే చోటే పెట్టడం. బొమ్మలను గుర్తించే ఒక ప్రామాణిక పరీక్షలో, నేటి ఏఐని ఎక్కువగా నడిపించే జీపీయూ అనే ప్రాసెసర్లలో అదే 12 నానోమీటర్ల తరం దాని కంటే 25 రెట్లు శక్తి ఆదా చేసింది. న్యూరాన్‌ను అనుకరించడం కంటే మెదడు పొదుపు చేసే తీరును పట్టుకోవడం ఎక్కువ ఫలితమిచ్చిందని నేను దీన్ని అర్థం చేసుకుంటున్నాను.

స్పైకుల దారి మూసుకుపోయిందని అనను. ఇబ్బంది సాఫ్ట్‌వేర్‌లో ఉంది. నేటి ఏఐకి చదువు చెప్పే పద్ధతి, తప్పును వెనక్కి పంపుతూ ప్రతి లంకెను కొద్దికొద్దిగా సవరించడం మీద నడుస్తుంది. స్పైక్ అయితే ఉంటుంది, లేదంటే ఉండదు. మధ్యలో కొద్దికొద్దిగా అనేది లేదు. దీన్ని దాటే ఉపాయాలు వచ్చాయి కానీ, జీపీయూల చుట్టూ ఏళ్ల తరబడి పేరుకున్న పనిముట్లు, అనుభవం ముందు అవి ఇంకా పసిదశలోనే ఉన్నాయి.

మన దేశంలోనూ గట్టి పని జరుగుతోంది. బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ (ఐఐఎస్‌సీ) బృందం 2024లో నేచర్ పత్రికలో ప్రచురించిన పరిశోధనలో, ఒక పలచని అణువుల పొర 16,500 వేర్వేరు విద్యుత్ స్థితులను నిలుపుకోగలదని చూపించింది. ఉందా లేదా అని రెండే స్థితులున్న చోట ఇన్ని మెట్లు దొరికితే, సంఖ్యను దాచిన చోటే గుణకారం కూడా చేసేయవచ్చు. ప్రయోగశాల నుంచి అది ఫ్యాక్టరీకి చేరాలంటే చాలా దూరముంది.

ఇంకో సంగతి మన విధానకర్తలు గమనించాలి. ట్రూనార్త్ తయారైంది 28 నానోమీటర్లలో. గుజరాత్‌లోని ధోలేరాలో టాటాలు కడుతున్న ఫ్యాక్టరీ తయారీ జాబితాలో 28 నానోమీటర్లు ఉంది. జర్మనీలో హైడెల్‌బెర్గ్ విశ్వవిద్యాలయం వాళ్ల బ్రెయిన్‌స్కేల్స్-2 అనే న్యూరోమార్ఫిక్ చిప్ 65 నానోమీటర్లదే. తైవాన్‌లో దొరికే అత్యాధునిక తయారీ చేతికొచ్చేదాకా ఆగాల్సిన పని ఈ రంగంలో లేదు.

మహోవాల్డ్ లాంటి విద్యార్థుల చేతికి చిప్ రావడం వెనక ఒక ఏర్పాటు ఉంది. 1981లో అమెరికా ప్రభుత్వ సొమ్ముతో మొదలైన మోసిస్ అనే సేవ, ఎన్నో కాలేజీల డిజైన్లను ఒకే సిలికాన్ పలక మీద కలిపి అచ్చువేయించి ఖర్చు పంచేది. మనకూ కేంద్ర ప్రభుత్వ చిప్స్ టు స్టార్టప్ పథకం కింద మొహాలీలోని సెమీకండక్టర్ లేబొరేటరీలో విద్యార్థుల డిజైన్లు 180 నానోమీటర్లలో తయారవుతున్నాయి. ఆన్, ఆఫ్‌ల మధ్య స్థితులను వాడుకునే మీడ్ తరహా అనలాగ్ సర్క్యూట్లకు ఆ పరిమాణం బాగానే సరిపోతుంది. తెలుగు రాష్ట్రాల్లో ఏటా వేలమంది ఈసీఈ చదువుతున్నారు, హైదరాబాద్‌లో పెద్ద పెద్ద చిప్ డిజైన్ కంపెనీల ఆఫీసులున్నాయి. బీటెక్ చివరి ఏడాది ప్రాజెక్టుగా ఓ నాలుగొందల పిక్సెళ్ల రెటీనాను గీసి మొహాలీకి పంపే అవకాశం, జిల్లా కాలేజీ అమ్మాయికి కూడా అందేలా ఆ పథకంలో చోటు పెంచాలి.