నాయన ఫోన్‌కి పిలకాయల తాళం పట్టదు

పిలకాయల ఫోన్ సంగతి ఎత్తితే చాలు, ప్రతివాడూ ఒకే సలహా చెప్తాడు. పిల్లల ఫోన్‌ని పెద్దోళ్ళ ఫోన్ నుంచి కట్టడి చేసే గూగుల్ యాప్ ఫ్యామిలీ లింక్ వేసుకోండి, టైమ్ సెట్ చేసుకోండి, అయిపోయింది అని. అది పిల్లోడికి సొంత ఫోన్ ఉన్న ఇంటికి చెప్పాల్సిన మాట. కావలి, ఇందుకూరుపేట, కనిగిరి, పొదిలి, ఎక్కడైనా మామూలు ఇంట్లో పిల్లోడి చేతిలో ఉండేది వాళ్ళమ్మ ఫోనో వాళ్ళ నాయన ఫోనో. ఫోన్‌పే అందులోనే, బ్యాంకు మెసేజీలు అందులోనే, రొయ్యల కౌంట్ రేట్లు అందులోనే, స్కూలోళ్ళ వాట్సాప్ గ్రూపూ అందులోనే. పట్టుకున్నది ఏడేళ్ళ పిల్లోడైనా ఫోన్ దృష్టిలో మాత్రం వాడు నలభై ఏళ్ళ రైతే.

ఈ ఒక్క విషయం పట్టించుకోకుండా ఎన్ని కట్టడులు పెట్టినా నిలబడవు. ఆస్ట్రేలియాలో 2025 డిసెంబరు నుంచి 16 ఏళ్ళలోపు వాళ్ళకి సోషల్ మీడియా అకౌంట్లు వద్దన్నారని, మనకీ అట్టాంటి చట్టం రావాలని తెగ షేర్లు కొడుతున్నారు. రానీండి, వద్దనను. 2023లో వచ్చిన మన డేటా రక్షణ చట్టం కూడా 18 లోపు వాళ్ళ విషయంలో తల్లిదండ్రుల అనుమతి తీసుకోవాలనే చెప్తోంది. బీజీఎంఐ ఆట వాళ్ళు 2021లోనే 18 లోపు వాళ్ళకి రోజుకి 3 గంటలే అన్నారు, అమ్మానాన్నల నంబరుకి ఓటీపీ అన్నారు. ఆ ఓటీపీ వచ్చి పడేది ఎక్కడ? పిల్లోడి చేతిలో ఉన్న ఆ ఫోన్‌లోనే కదా. అడిగేదీ వాడే, అనుమతి ఇచ్చేదీ వాడే. ఇన్‌స్టా నాయన పేరు మీద ఉంటే ఏ చట్టానికీ అక్కడ పిల్లోడు కనపడడు.

కాబట్టి ఒకే ఫోన్ ఉన్న ఇంట్లో టైమ్ సంగతి తర్వాత. ముందు ఆ ఫోన్‌లో పిల్లోడు తిరిగే చోటు తగ్గించాలి. దానికి ఆండ్రాయిడ్ ఫోన్‌లోనే ఒక సదుపాయం ఉంది, వందలో తొంభై మంది దాన్ని తెరిచి కూడా చూసుండరు. సెట్టింగ్స్‌లో పైన వెతికే పెట్టెలో 'పిన్' అని కొట్టండి. కొన్ని ఫోన్లలో యాప్ పిన్నింగ్ అని, పాత వాటిలో స్క్రీన్ పిన్నింగ్ అని, శాంసంగ్‌లో పిన్ యాప్ అని వస్తుంది. ఆన్ చేసి, దాని కిందే 'బయటికి వచ్చేముందు లాక్ నంబరు అడగాలి' అనే అర్థం వచ్చే మీట ఉంటుంది, దాన్నీ ఆన్ చేయండి. అందరూ మర్చిపోయేది ఈ రెండో మీటనే. అది వేయకపోతే పిల్లోడు వేలు కింద నుంచి పైకి జరిపి కాసేపు అదిమి పట్టుకుంటే చాలు, బయటికొచ్చేస్తాడు. ఇక కార్టూన్ యాప్ తెరిచి, రీసెంట్ యాప్స్‌లోకి వెళ్ళి, దాని గుర్తు మీద నొక్కి పిన్ చేసి చేతికివ్వండి. లాక్ నంబరు తెలిస్తే తప్ప ఆ యాప్ దాటి పోలేడు. ఫోన్‌పే తెరవలేడు, మీ వాట్సాప్‌లో పొరపాటున బ్యాంకు మేనేజరుకి బొమ్మలు పంపలేడు.

ఇది ఎక్కడ దెబ్బ తింటుందంటే, లాక్ దగ్గర. మన వాళ్ళకి గీతలు గీసే ప్యాటర్న్ లాక్ అలవాటు. ఎదురుగా కూర్చున్న నాలుగేళ్ళ బిడ్డ కూడా రెండుసార్లు చూస్తే ఆ గీత పట్టేస్తుంది. అద్దం మీద జిడ్డు చార కనపడితే చూడాల్సిన పని కూడా లేదు. ఆరంకెల నంబరు పెట్టండి. బిడ్డ పుట్టిన తేదీ వద్దు, బండి నంబరు అసలే వద్దు. తర్వాత ఫింగర్‌ప్రింట్ లిస్టు తెరిచి అందులో ఎన్ని వేళ్ళు ఉన్నాయో లెక్కపెట్టండి. మీరు పెట్టింది రెండైతే మూడోది ఎవరిది? లాక్ నంబరు తెలిసిన పిల్లోడు చేసే మొదటి పని తన వేలు ఎక్కించుకోవడం. రాత్రంతా రొయ్యల గుంట కాడ నీళ్ళకి గాలి పట్టించే ఏరియేటర్లు చూసుకుని వచ్చి పగలు నిద్రపోయే మనిషి వేలు మెల్లిగా పట్టుకుని ఫోన్ తెరిచే పిలకాయలూ ఉన్నారు. అట్టాంటి ఇంట్లో ఫింగర్‌ప్రింట్ తీసేయడమే మేలు.

డబ్బుల సంగతి ఇక్కడే చెప్పేస్తా. యూపీఐ పిన్ పిల్లోడికి తెలీదులే అనే ధీమా చాలదు. యూపీఐ లైట్ ఆన్ చేసుంటే ఒక్కోసారి 1,000 రూపాయల దాకా పిన్ అడక్కుండానే పోతాయి, అందులో 5,000 దాకా వేసి పెట్టుకోవచ్చు. టీకొట్లో చెల్లించడానికి అది భలే సుఖం. పిల్లోడి చేతికిచ్చే ఫోన్‌లో మాత్రం ఉంచకండి. ప్లే స్టోర్‌లో ప్రొఫైల్ బొమ్మ నొక్కి సెట్టింగ్స్‌లోకి పోతే పర్చేజ్ వెరిఫికేషన్ ఉంటుంది, ప్రతి కొనుగోలుకీ అడిగేట్టు పెట్టండి. నెలకోసారి యూపీఐ యాప్‌లో ఆటోపే చూడండి. మూడు రోజులు ఫ్రీ అని ఎక్కించుకున్న యాప్ ఏదైనా అక్కడ నెలనెలా కోతకి కాచుక్కూర్చునుంటే రద్దు చేయండి. యాప్ తీసేసినంత మాత్రాన ఆటోపే ఆగదు.

ఇక యాప్‌లకి టైమ్ పెట్టే డిజిటల్ వెల్‌బీయింగ్. దీని మీద ఎందుకింత నమ్మకమో నాకర్థం కాదు. యూట్యూబ్‌కి అరగంట అని పెడతారు, అరగంటకి ఆ గుర్తు బూడిద రంగులోకి మారుతుంది, అబ్బో ఆగిపోయిందనుకుంటారు. అది పెద్దోళ్ళు తమకి తాము పెట్టుకునే హద్దు. దానికి తాళం లేదు. పిల్లోడు అదే చోటికి పోయి అరగంటని తీసేస్తాడు. ఆ మాత్రం ఓపిక లేకపోతే క్రోమ్‌లో యూట్యూబ్ తెరుస్తాడు. అదీ ఆపితే ఫేస్‌బుక్‌లో రీల్స్ ఉన్నాయి. ఒక యాప్‌ని ఆపితే పక్క యాప్‌లోంచి అదే వీడియో వస్తుంది, అందుకే 'ఇది వద్దు' అని ఒక్కోటి మూసుకుంటూ పోయే పద్ధతి కన్నా 'ఇది ఒక్కటే' అని పిన్ చేసే పద్ధతి మేలంటాను. హిస్టరీ తిరగేసి ఏం చూశాడో కనిపెడతాం అనే వాళ్ళకి ఇంకోమాట: చూసింది హిస్టరీలో మిగలనివ్వని ఇన్‌కాగ్నిటో అనేది ఒకటుంది, అది వాడికి మీకన్నా ముందే తెలుసు.

యూట్యూబ్‌లో మాత్రం ఒక పని చేయండి. వాచ్ హిస్టరీ ఆపేసి, పాతది మొత్తం చెరిపేయండి. హోమ్ పేజీలో వీడియోలు వరస కట్టి రావడం ఆగిపోతుంది, కావాల్సింది వెతుక్కుని చూడాలి. నాయన రాత్రి చూసిన రాజకీయ తిట్లు పొద్దున్నే పిల్లోడికి తగలవు, పిల్లోడి బొమ్మలు నాయనకీ తగలవు. ఆటోప్లే కూడా ఆపండి. చిన్నోళ్ళకైతే యూట్యూబ్ కిడ్స్ వేసి దానికి సొంతంగా పాస్‌కోడ్ పెట్టండి. మీరు పెట్టకపోతే అది గుణకారం లెక్క ఇచ్చి జవాబు చెప్పమంటుంది. మూడో తరగతి బిడ్డకి అది పరీక్ష కాదు, పిలుపు.

అన్నం తినిపించే ఫోన్ గురించి. రెండేళ్ళలోపు బిడ్డకి తెర అసలు వద్దని మన పిల్లల డాక్టర్ల సంఘమే చెప్పింది. రెండు నుంచి నాలుగేళ్ళ వాళ్ళకి రోజు మొత్తం మీద గంట మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది, తగ్గితే ఇంకా మంచిదంది. ఇది తెలిసినా ముద్ద దిగట్లేదని ఫోన్ పెట్టే తల్లిని తిట్టడం నాకిష్టం లేదు. పొద్దున్నే నాట్లకి పోవాల్సిన మనిషికి గంటసేపు చందమామని చూపించే తీరిక ఎక్కడిది? చేయగలిగింది ఇదీ. డౌన్‌లోడ్ ఆప్షన్ ఉన్న పాటో బొమ్మల కథో ఒక్కటి, పది నిమిషాలది, ముందే దించి పెట్టుకోండి. ఏరోప్లేన్ మోడ్ వేసి అది పెట్టండి. పది నిమిషాలకి దానంతటదే అయిపోతుంది, తర్వాతది రాదు. అయిపోయింది అనే మాట ఫోనే చెప్పినట్టుంటుంది, అమ్మ లాక్కున్నట్టుండదు. వారం పోయాక ఫోన్‌ని బోర్లా పెట్టి పాట మాత్రం వినిపించండి. ఒక్కసారే ఆపితే నాలుగు రోజులు ఇల్లు పీకి పందిరేస్తారు, అయిదో రోజు మీరే ఇచ్చేస్తారు. ఆ ఇవ్వడం చాలా చెడ్డది, ఎందుకంటే ఎంతసేపు ఏడిస్తే ఫోన్ వస్తుందో వాడికి లెక్క తెలిసిపోతుంది.

పెద్ద పిలకాయల దగ్గర గొడవంతా ఆపే క్షణంలోనే. 'అరగంట' అని చెప్పి సరిగ్గా అరగంటకి ఫోన్ లాగుతారు. బీజీఎంఐలో పెద్ద మ్యాప్ ఆట ఒకటి చివరిదాకా బతికితే అరగంట దాకా పడుతుంది. మధ్యలో లాగితే వాడొక్కడే పోడు, వాడితో ఆడే ముగ్గురూ తిడతారు, రేపు బళ్ళో మొహం చూపించలేడు. వాడు అరిచేది ఫోన్ కోసం కాదు, పరువు కోసం. నిమిషాల్లో కాదు, ఆటల్లో చెప్పండి: ఒక ఆట, లేకపోతే రెండు ఆటలు. కార్టూనైతే రెండు ఎపిసోడ్లు. ముగింపు ఉన్నదానికే హద్దు కుదురుతుంది. షార్ట్స్‌కీ రీల్స్‌కీ ముగింపు లేదు, అందుకే నా లెక్కలో పదేళ్ళలోపు వాళ్ళకి అవి అరగంట కాదు, సున్నా.

డేటా అయిపోతే వాడే మానేస్తాడు అనుకునే నాయనలకి: రోజుకి 1.5 జీబీ అనేది గంటల హద్దు కాదు. బొమ్మ మసకబారినా పర్లేదని 144పీ పెట్టుకుంటే సాయంత్రం దాకా వస్తుంది. అయిపోతే అమ్మ ఫోన్ హాట్‌స్పాట్ ఉంది.

ఇప్పుడు అసలు ఫ్యామిలీ లింక్ ఎక్కడ పనికొస్తుందో చెప్తా. మీరు కొత్త ఫోన్ కొని పాతది బిడ్డకిచ్చినప్పుడు. పాత ఫోన్‌ని ముందు ఫ్యాక్టరీ రీసెట్ కొట్టాలి. మీ అకౌంట్ అందులో ఉంచి, పక్కన పిల్లోడి అకౌంట్ కలిపి నడిపేందుకు చేసిన యాప్ కాదది. రీసెట్ అయ్యాక పిల్లోడి జీమెయిల్‌తోనే ఫోన్ మొదలుపెట్టండి, పుట్టిన తేదీ నిజంది వేయండి. తొందరపడి 2000 అని కొట్టేస్తారు. అంతే, వాడు పెద్దోడైపోయాడు, ఇక ఏ కట్టడీ ఎక్కదు. మీ ఫోన్‌లో ఫ్యామిలీ లింక్ వేసుకున్నాక రోజువారీ టైమ్, రాత్రి ఆగే టైమ్, యాప్ ఎక్కించాలంటే మీ అనుమతి, ఈ మూడూ పెడితే చాలు. మిగతావి తర్వాత నేర్చుకోవచ్చు. టైమ్ అయ్యేముందు 15, 5, 1 నిమిషాలప్పుడు అదే హెచ్చరిస్తుంది. బోనస్ టైమ్ అనే మీట ఒకటుంది, దాన్ని రోజూ నొక్కేట్టయితే అసలు టైమే పెంచేయండి. రోజూ బతిమాలించుకుని ఇచ్చే పావుగంట హద్దు కాదు, బేరం.

దీనికి బాగా సరిపడే ఇళ్ళు ఉమ్మడి ప్రకాశం జిల్లా పడమటి పక్క చాలా ఉన్నాయి. అమ్మానాన్న బేల్దారి పనికి హైదరాబాదో బెంగళూరో పోయుంటారు, పిలకాయలు అవ్వ తాతల దగ్గర. మాట్లాడుకోడానికని అవ్వకి ఒక ఫోన్ కొనిచ్చుంటారు. అవ్వ దాన్ని పచ్చబటన్ నొక్కడానికి తప్ప ముట్టదు, మిగతా రోజంతా అది పిల్లోడిదే. ఆ ఫోన్‌ని దాచిపెట్టమని అవ్వకి చెప్పడం వృథా. ఆమె ఎక్కడ దాస్తుంది, కొంగున కట్టుకుంటుందా? ఆ ఫోన్‌ని పిల్లోడి అకౌంట్‌తోనే పెట్టి, ఫ్యామిలీ లింక్ తల్లి ఫోన్‌లో ఉంచితే బెంగళూరు నుంచే నడుస్తుంది. వాట్సాప్ సొంతంగా వాడాలంటే 13 ఏళ్ళు నిండాలనే నియమం ఉంది, కాబట్టి చిన్నోడుంటే మామూలు కాల్స్ మీద ఆధారపడండి, లేదా అవ్వకి వేరే కీప్యాడ్ ఫోన్ కొనివ్వండి. ఫోన్ టైమ్ అయి ఆగినా వచ్చే మామూలు కాల్స్ ఎత్తొచ్చు. పిల్లోడు ఆమెతో పోట్లాడటం తగ్గుతుంది. కోపమొస్తే బెంగళూరు ఫోన్ వచ్చినప్పుడు తిట్టుకుంటాడు, తిట్టుకోనీండి.

ఎండాకాలం గురించి పట్నం సలహాలు వింటే ఒళ్ళు మండుతుంది. ఫోన్ తీసేసి బయట ఆడుకోమనండి, అంటారు. రోహిణి కార్తెలో నెల్లూరులో పన్నెండింటికి బయటికి పంపితే వడదెబ్బే. మన దగ్గర ఫోన్ టైమ్ మధ్యాహ్నమే పెట్టాలి, రెండింటి నుంచి మూడింటి మధ్య, ఎటూ ఇంట్లోనే ఉంటారు గనక. అయిదింటికి చల్లబడ్డాక ఫోన్ బయటికి తీయకూడదు, ఎందుకంటే అప్పుడు వీధిలోంచి వాడిని పిలిచేవాళ్ళు ఉంటారు. చాలా ఇళ్ళలో దీనికి సరిగ్గా తిరగబడి జరుగుతుంది. మధ్యాహ్నం వద్దని తిట్టి, రాత్రి భోజనాలప్పుడు విసిగి ఇచ్చేస్తారు. హాస్టల్ నుంచి దసరాకి, సంక్రాంతికి వచ్చే పిలకాయలకి కూడా ఇదే టైమ్ చెప్పండి, కాకపోతే బస్సు దిగిన రోజే చెప్పాలి, నాలుగో రోజు కాదు. నెలల తరబడి ఫోన్ ముట్టని బిడ్డ మొదటి రెండు రోజులు ఎక్కువ చూస్తే చూడనీండి.

చివరగా స్కూలోళ్ళ మీద. ఫోన్ వాడనివ్వొద్దని పేరెంట్స్ మీటింగులో గంటసేపు చెప్పేదీ వీళ్ళే, రాత్రి ఎనిమిదింటికి హోంవర్క్ ఫోటోలు వాట్సాప్‌లో పెట్టేదీ వీళ్ళే. 'హోంవర్క్ చూసుకోవాలి' అనే మాటకి ఏ తల్లి కాదంటుంది? ఆ మాటతో లోపలికి పోయిన ఫోన్ పదింటికి గానీ బయటికి రాదు. మీటింగుకి పోయినప్పుడు అడగండి: హోంవర్క్ డైరీలో రాయించండి, గ్రూపులో పెట్టక తప్పకపోతే బడి వదిలేలోపు పెట్టండి అని. ఒక్కరు అడిగితే నవ్వి ఊరుకుంటారు, పదిమంది కలిసి అడగాలి. అప్పటిదాకా ఫోటోని గ్యాలరీలో తెరిచి, పిన్ చేసి, హాల్లో పెద్దోళ్ళ ఎదురుగా పెట్టి రాయించండి. నోటుబుక్కులోకి ఎక్కించుకోడానికి పది నిమిషాలు చాలు, ఆ పది నిమిషాలు దాటాక ఫోన్ ఛార్జింగ్‌కి పోవాలి. ఛార్జర్ కూడా పడకగదిలో వద్దు, హాల్లోనే ఉండాలి. పొద్దున్నే అలారం ఎట్టా అంటారా, అలారం గడియారాలు ఇంకా అమ్ముతూనే ఉన్నారు.