శ్రీనగర్‌లో మొదట దిగిన డకోటా ఎవరిది?

అక్టోబరు 27 దగ్గరపడితే చాలు, మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఒక సందేశం ప్రత్యక్షమవుతుంది. 1947లో ఆ రోజు, పాకిస్తాన్ వైపు నుంచి దాడికి గురైన కశ్మీర్‌ను కాపాడేందుకు శ్రీనగర్‌కు సైనికులను చేర్చడానికి వాయుసేన దగ్గర రవాణా విమానాలే లేవట. తర్వాత ఒడిశా ముఖ్యమంత్రి అయిన బిజూ పట్నాయక్ ఒక్కరే తెగించి, తన డకోటా రవాణా విమానంలో పదిహేడు మందిని ఎక్కించుకుని అందరికంటే ముందు అక్కడ దిగారట. ఆయన దారి చూపాకే వాయుసేన కదిలిందట. ఈ సంగతిని చరిత్రలో దాచిపెట్టారట. ఇన్ని 'అట'ల్లో నిలిచేది ఒక్కటే: పట్నాయక్ తెగువ గల పైలట్.

విమానాలు లేవన్న మాటకు 12వ స్క్వాడ్రనే జవాబు. 1945 డిసెంబరులో కోహట్‌లో స్పిట్‌ఫైర్ యుద్ధ విమానాలతో పుట్టిన ఈ దళం తర్వాత డకోటాలకు మారింది. విభజనలో 6వ స్క్వాడ్రన్ పాకిస్తాన్ వాటాకు పోగా ఇది మనకు మిగిలింది. విమానాలు లేక కాదు, చాలక పౌర విమాన సంస్థల డకోటాలనూ రప్పించారు.

ఇక 'మొదటి' సంగతి. ఆ ఉదయం ముందుగా శ్రీనగర్ చేరినవి వింగ్ కమాండర్ కె.ఎల్. భాటియా నాయకత్వంలోని 12వ స్క్వాడ్రన్ డకోటాలు. వాటిలో వెళ్లింది లెఫ్టినెంట్ కర్నల్ దీవాన్ రంజిత్ రాయ్ 1 సిక్కు బెటాలియన్. కొద్ది గంటల్లోనే బారాముల్లా దారిలో పోరుకు దిగి, ఆ పోరులోనే రాయ్ ప్రాణాలిచ్చారు. రన్‌వే మీద చక్కర్లు కొట్టి, శత్రువు లేడని చూసుకుని దిగడం పట్నాయక్ సమయస్ఫూర్తి అంటుంది సందేశం. అది రాయ్‌కి ముందే అందిన ఆదేశం: పైనుంచి చూడాలి, దిగే వీలు లేకపోతే జమ్మూకు మళ్లాలి. కశ్మీర్ రవాణాలో పట్నాయక్ పాల్గొన్నది నిజమే, ఎవరూ కాదనడం లేదు. అదే ఏడాది ఇండోనేషియా నుంచి అక్కడి స్వాతంత్ర్య నేత సుతాన్ షహ్రిర్‌ను డకోటాలో తీసుకొచ్చిన మనిషికి ఈ అరువు కిరీటం దేనికి?

నాకు ఒళ్లు మండేది 'దారి చూపాకే కదిలింది' అన్న చోట. చుట్టూ శత్రువులు మూగిన పూంచ్‌లో సైనికులు, కాందిశీకులు కలిసి చదును చేసిన చిన్న నేల మీద ఈ డకోటాలు దిగాయి. రాత్రివేళ నూనె దీపాలే గుర్తులు. వెళ్లేటప్పుడు ఫిరంగులు, వచ్చేటప్పుడు కాందిశీకులు. బాంబర్లు లేని రోజుల్లో బాంబులను డకోటా తలుపులోంచి దొర్లించి వదిలారు. 1948 మే 24న ఎయిర్ కమడోర్ మెహర్ సింగ్, మేజర్ జనరల్ తిమ్మయ్యను ఎక్కించుకుని జోజిలా కనుమ మీదుగా లేహ్ చేరారు. క్యాబిన్‌లో గాలి పీడనం నిలిపే ఏర్పాటే లేని విమానం. దిగింది సుమారు 11,500 అడుగుల ఎత్తున, సింధు నది పక్కన ఇంజినీర్ సోనమ్ నోర్బు వేయించిన ఇసుక రన్‌వే మీద. అక్కడ వారికి దారి చూపినదెవరో ఆ సందేశం రాసినవారే చెప్పాలి.

దాచిపెట్టారన్న ఆరోపణ మరీ విడ్డూరం. 2018లో వాయుసేన ఒక పాత డకోటాను మళ్లీ చేర్చుకుని వీపీ 905 అని నంబరిచ్చింది. 1947 అక్టోబరు 27న 1 సిక్కు సైనికులను శ్రీనగర్ చేర్చిన మొదటి డకోటా నంబరది. ఎవరైనా చదువుకునేలా విమానం ఒంటి మీదే రాసి ఉంది.