ప్రసూతి గదిలోకి తోడును రానివ్వండి

తెలంగాణలో నూటికి 97 కాన్పులు ఆస్పత్రుల్లోనే జరుగుతున్నాయని అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. ఆంధ్రప్రదేశ్‌దీ ఇంచుమించు అదే లెక్క. ఆశా కార్యకర్తలు ఇల్లిల్లూ తిరిగారు, అంబులెన్సులు ఊళ్లలోకి వచ్చాయి, ప్రభుత్వాలు కిట్లిచ్చాయి. గర్భిణిని ఆస్పత్రి గడప దాకా తీసుకురావడంలో రెండు రాష్ట్రాలూ నెగ్గాయి. గడప దాటిన తర్వాత ఆమెకు ఏం ఎదురవుతోందో మాత్రం ఎవరూ సరిగ్గా నమోదు చేయడం లేదు.

ఏం ఎదురవుతుందో ఇంటింటా తెలిసిందే. తల్లీ అత్తా వరండాలో ఆగిపోతారు. లోపల బల్ల మీద ఒంటరిగా పడుకున్న అమ్మాయికి పక్క బల్లకూ తనకూ మధ్య చాలాచోట్ల పరదా అయినా ఉండదు. నొప్పికి అరిస్తే ‘కాపురం చేసినప్పుడు లేని ఏడుపు ఇప్పుడెందుకు’ అన్న మాట పడుతుంది. బిడ్డ పుట్టాక మగపిల్లాడికి ఇంత, ఆడపిల్లకు ఇంత అని ఆయాలు చేయి చాపుతారు. ‘ఎలాగో తల్లీబిడ్డా క్షేమంగా బయటపడ్డారు, మాటలదేముంది’ అని ఇంట్లోవాళ్లూ సర్దుకుపోతారు. ఈ సర్దుబాటుతోనే మా పేచీ. ఆ మాటలకూ తల్లీబిడ్డల క్షేమానికీ సంబంధం ఉంది.

భయపడిన ఒంట్లో అడ్రినలిన్ హార్మోన్ పెరుగుతుంది. గర్భాశయాన్ని ముడుచుకునేలా చేసే ఆక్సిటోసిన్ అనే మరో హార్మోన్‌కు అది అడ్డుపడుతుంది. నొప్పులు మందగిస్తాయి. ‘ప్రోగ్రెస్ లేదు’ అని కేస్ షీటులో రాసి, డ్రిప్పు పెట్టి, చివరికి ఆపరేషన్ థియేటర్‌కు తరలిస్తారు. దీనికి తిరుగు దారి కూడా పరిశోధనల్లో కనిపిస్తోంది. 17 దేశాల్లో 15 వేల మందికి పైగా మహిళలపై జరిగిన ప్రయోగాలను, వైద్య పరిశోధనలను బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2017లో ఒకచోట చేర్చి సమీక్షించింది. నొప్పులు పడుతున్నంతసేపూ పక్కన ఒక మనిషి తోడున్నవారిలో సహజ కాన్పులు పెరిగాయి, సిజేరియన్లు తగ్గాయి, నొప్పుల వ్యవధి కుదించుకుపోయింది. పుట్టిన బిడ్డల తొలి నిమిషాల స్థితి కూడా మెరుగ్గా కనిపించింది. ఇంత పని చేసే మందు ఏదైనా ఉంటే కంపెనీలు పోటీ పడి అమ్మేవి.

కాన్పు తర్వాత పరిస్థితి ఇంకా సున్నితం. బట్ట తడిసిపోతోందని, కళ్లు తిరుగుతున్నాయని ముందుగా తెలిసేది బాలింతకే. గంట క్రితం తిట్లు తిన్న మనిషి నర్సును మళ్లీ పిలవడానికి జంకుతుంది. రక్తస్రావంలో ఆ జంకు ప్రాణం మీదకు తెస్తుంది. ఘనా, గినియా, నైజీరియా, మియన్మార్‌ దేశాల ఆస్పత్రుల్లో జరిగిన అధ్యయనాన్ని 2019లో వైద్య పత్రిక ‘లాన్సెట్’ ప్రచురించింది. ప్రసూతి గదుల్లో గమనించిన మహిళల్లో నూటికి 40 మందికి పైగా తిట్లో, దెబ్బలో, చిన్నచూపో అనుభవించారు. కాన్పుకు అరగంట ముందు నుంచి పావుగంట తర్వాత దాకా ఆ దురుసుతనం ఎక్కువగా ఉంది. తల్లి నోరు తెరిచి చెప్పుకోవాల్సిన సమయం సరిగ్గా అదే.

అందుకే కాన్పు ఎలా జరిగిందో బాలింతలనే అడిగి నమోదు చేయాలి. దీనికి డాక్టర్ల నుంచి ఒక అభ్యంతరం వస్తుంది, అందులో పస లేకపోలేదు. రోగి మెప్పే కొలమానమైతే వైద్యం దారి తప్పుతుందంటారు వారు. 2012లో అమెరికాలో 50 వేల మందికి పైగా పెద్దల వివరాలు పరిశీలిస్తే, వైద్యుల పట్ల అందరికంటే సంతృప్తిగా ఉన్నవారికి ఖర్చూ ఎక్కువైంది, మరణాల రేటూ ఎక్కువగానే కనిపించింది. అంత దూరం వెళ్లక్కర్లేదు. పంతులు పెట్టిన ముహూర్తానికి కోత కోయించుకుని, బిడ్డ జాతకం బాగుందని మురిసిపోయే కుటుంబాలు మన దగ్గర ఎన్ని లేవు! వారిని అడిగితే ఆ ఆస్పత్రికి నూటికి నూరు మార్కులు వేస్తారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ ప్రైవేటు ఆస్పత్రుల కాన్పుల్లో సిజేరియన్లు 80 శాతం దాటాయి.

కాబట్టి ‘మీకు నచ్చిందా’ అని అడిగితే లాభం లేదు. ఏం జరిగిందో అడగాలి. నొప్పుల సమయంలో మీ పక్కన మీ మనిషి ఉన్నారా? ఆపరేషన్ ఎందుకు చేస్తున్నారో ముందే చెప్పారా? పిలిస్తే ఎవరైనా వచ్చారా? మిమ్మల్ని తిట్టారా, డబ్బు అడిగారా? ముహూర్తం సంతోషం ఈ జవాబులను మార్చలేదు. కేంద్రం 2016లో ‘మేరా అస్పతాల్’ పేరుతో రోగుల అభిప్రాయ సేకరణ మొదలుపెట్టింది. కానీ ఫోన్లో నంబరు నొక్కించి, బాగుందో బాగోలేదో తెలుసుకున్నంత మాత్రాన ప్రసూతి గది సంగతి బయటికి రాదు.

తప్పంతా నర్సులదే అనడం అన్యాయం. ఒకే రాత్రి అన్ని బల్లల మధ్యా పరుగులు పెట్టే స్టాఫ్ నర్సు టెన్షన్ నోటి నుంచే బయటపడుతుంది. పక్కన ఆడమనిషి ఉంటే నీళ్లు తాగించేది, నడుము రాసేది, ధైర్యం చెప్పేది ఆమే కదా, నర్సుకు ఆ మేరకు భారం తగ్గుతుంది. తొలి కాన్పుకు పిల్లను పుట్టింటికి పంపే మన ఆనవాయితీలో ఉన్నదీ ఈ తోడే.

కొత్తగా చట్టం చేయనక్కర్లేదు. ప్రభుత్వ ఆస్పత్రుల్లో కాన్పు సమయాన ఒక మహిళా తోడును అనుమతించవచ్చని కేంద్ర ఆరోగ్య శాఖ 2016లోనే చెప్పింది. ప్రసూతి గదుల నాణ్యత పెంచడానికి 2017లో కేంద్రం తెచ్చిన ‘లక్ష్య’ కార్యక్రమం గౌరవప్రదమైన ప్రసూతి సేవలను ప్రమాణంగా పెట్టింది. తోడును నిలబెట్టడానికి చోటు లేదు, పక్క బల్లల వాళ్లకు మరుగుండదు అని ఆస్పత్రులు చెబుతున్నాయి. అదే అడ్డంకైతే పరదాలు కొనివ్వాలి. పై ప్రశ్నలను ఆస్పత్రి సిబ్బంది కాకుండా వేరేవారు, బాలింత ఇల్లు చేరిన వారం పది రోజులకు అడగాలి. మంచం మీద ఉండగా అడిగితే ఎవరు నిజం చెబుతారు? ఆ జవాబులను సిజేరియన్ల శాతం, రక్తస్రావం కేసుల పక్కనే పెట్టి కలెక్టర్లు నెలనెలా జిల్లా సమీక్షలో చదవాలి, ఆస్పత్రుల వారీగా ప్రజల ముందు పెట్టాలి. ప్రైవేటు ఆస్పత్రులను ఈ జాబితాలోంచి తప్పించకూడదు.