గోరీలు అమీరులవి, ఖర్చు రైతులది

హైదరాబాద్ పిసల్‌బండలోని పైగా వంశీకుల సమాధులకు మరమ్మతులు చేపట్టారని వరంగల్‌లో ఎవరితోనైనా అనండి. "అయితే మనకేంది?" అంటారు. నవాబుల గోరీలు, అందులోనూ హైదరాబాద్‌వి, అదీ అమెరికా వాళ్లిచ్చిన డబ్బుతో. మన వేయిస్తంభాల గుడి కళ్యాణ మండపాన్ని విప్పి రాళ్లకు నంబర్లు వేసి పక్కన పడేసి, మళ్లీ నిలబెట్టి తలుపులు తెరిచేసరికి 2024 మహాశివరాత్రి వచ్చింది. దాదాపు 18 ఏళ్లు. అన్నేళ్లు మన గోడు ఎవరికీ పట్టలేదన్న ఉక్రోషం ఆ "మనకేంది"లో ఉంది. ఉక్రోషం న్యాయమైనదే. కానీ ఆ సమాధుల మీద హైదరాబాద్ వాళ్లకు ఎంత హక్కుందో మనకూ అంతే ఉంది. నన్నడిగితే కాస్త ఎక్కువే ఉంది.

పైగాల చరిత్ర తెలియని పాఠకులు తక్కువే కాబట్టి నాలుగు మాటల్లో ముగిస్తాను. నిజాం తర్వాత రాజ్యంలో వాళ్లదే పెద్ద ఇల్లు. నిజాం సొంత రక్షణకు సైన్యాన్ని పోషించే బాధ్యత వాళ్లది, ప్రతిఫలంగా జాగీరు గ్రామాలు వాళ్లవి. నిజాం ఆడపిల్లలు ఆ ఇంటి కోడళ్లయ్యారు. 18వ శతాబ్దం చివర్లో తేగ్ జంగ్ సమాధితో పిసల్‌బండ శ్మశానం మొదలైంది. ఆ తర్వాత తరతరాల అమీరులు, బేగంలు అక్కడే చేరారు. వాళ్లలో అస్మాన్ జా, వికారుల్ ఉమ్రా ఇద్దరూ నిజాం దగ్గర ప్రధానమంత్రులుగా చేశారు. ఫలక్‌నుమా కట్టించింది ఈ వికారుల్ ఉమ్రాయే. వికారాబాద్ పేరూ ఆయనదే.

ఇంత దర్జాకు డబ్బు ఎక్కడిది? వాళ్లు వ్యాపారం చేసి గడించలేదు, మిల్లులు పెట్టి సంపాదించలేదు. రాజ్యమంతా చెల్లాచెదురుగా ఉన్న జాగీరు గ్రామాల్లో రైతు కట్టిన శిస్తే ఆ ఇంటి ఆదాయం. హైదరాబాద్ సంస్థానం భూమిలో సుమారు మూడో వంతు జాగీర్ల కింద, పదో వంతు నిజాం సొంత ఖర్చుల సర్ఫేఖాస్ కింద ఉండేది. మిగిలిన దివానీ ఇలాకాలో, అంటే సర్కారు నేరుగా శిస్తు తీసుకునే భూముల్లో, దేశ్‌ముఖులు, దేశ్‌పాండేలు. రైతుకు పై వాడి బిరుదు మారేదే తప్ప బతుకు మారేది కాదు. 1949 ఆగస్టులో జాగీర్లు రద్దయ్యే దాకా ఇదే వరస. కాబట్టి పిసల్‌బండలో ఒక్కో జాలీ కిటికీ వెనక ఏదో ఊరి ఖరీఫ్ పంట ఉందని నేనంటే అది కవిత్వం కింద కొట్టిపారేయకండి, లెక్క అలాగే తేలుతుంది.

దీనికి ఎదురు వాదన మన దగ్గరే గట్టిగా వినిపిస్తుంది. వినిపించాలి కూడా. దొడ్డి కొమురయ్య 1946 జులై 4న కడవెండిలో తూటాకు నేలకొరిగాడు. పాలకుర్తిలో చిట్యాల ఐలమ్మ తన పంటను విస్నూరు దేశ్‌ముఖ్ మనుషుల చేతికి పోనివ్వకుండా నిలబడింది. అలాంటి నేల మీద నిలబడి, రైతుల రక్తం పీల్చినోళ్ల గోరీలకు ప్రజాధనంతో సున్నం కొట్టించాలా అని అడిగేవాళ్లను నేను తప్పుపట్టను. వాళ్ల కోపం నిజం. కానీ ఆ కోపాన్ని వాడుకుని బాగుపడింది ఎవరో కూడా చూడాలి.

ఉత్తర తెలంగాణలో గడీలు, అంటే దొరల కోటల్లాంటి ఇళ్లు, ఎలా పోయాయో చూడండి. సాయుధ పోరాట కాలంలో ప్రజలు కొల్లగొట్టినవి కొన్ని. కానీ ఎక్కువ భాగం ఆ తర్వాత, నింపాదిగా, లాభసాటిగా పోయాయి. వారసులు పట్నం చేరారు. టేకు దూలాలు, చెక్కిన తలుపులు పాత సామాన్ల వ్యాపారులకు అమ్ముడుపోయాయి. రాళ్లు ఇంకెవరి ప్రహరీకో చేరాయి. చదునైన స్థలం ప్లాట్లయింది. దొరల సమాధులదీ ఇదే గతి. ఊరి బయట చెరువు గట్టు కిందో, మామిడితోటలోనో నాలుగు స్తంభాల చిన్న మండపం, తులసికోట, చుట్టూ తుమ్మచెట్లు. గుప్తనిధుల ముఠాలు గడ్డపారలతో రాత్రికి రాత్రి తవ్విపోసినవి కొన్ని, చుట్టూ ఉన్న పొలంతో పాటు చేతులు మారి మాయమైనవి ఇంకొన్ని. ఇక ఆ ఊళ్లో వెట్టి ఉండేదని మీ మనవడికి ఏం చూపించి చెబుతారు? గడీ కూలితే దొరతనం పోయిందని సంబరపడ్డాం. నిజానికి పోయింది సాక్ష్యం. "మా తాతలు చెరువులు తవ్వించారు, ధర్మాత్ములు" అని వారసులు ఇవాళ టీవీల్లో నిబ్బరంగా చెప్పగలుగుతున్నారంటే కాదనడానికి అక్కడ ఏమీ మిగల్లేదు కాబట్టే.

నిలబడి ఉన్న కట్టడం మాత్రం యజమానిని పొగుడుతూనే అతని గుట్టు కూడా విప్పుతుంది. పిసల్‌బండకు వెళ్లి చూడండి. చాలా సమాధులకు పైకప్పు లేదు, ఆకాశమే కప్పు. చుట్టూ ఎత్తైన జాలీ గోడలు. ఆ జాలీల్లో రేఖలు ఒకదానిలో ఒకటి అల్లుకుంటూ పోయే తీరు చూస్తే వాటిని గీసిన వాడికి జ్యామితి ఎంత బాగా వచ్చో అర్థమవుతుంది. ఒక తెర మీది నమూనా పక్క తెర మీద కనపడదు. కమానుల అంచుల్లో గచ్చుతో తీర్చిన పూలు, లతలు. పాలరాతి సమాధుల మీద పొదుగుడు పని. దీనంతటిలో అమీరు చేసిందేమిటి? చనిపోవడం. మిగతాదంతా మేస్త్రీ చేశాడు. ఆ మేస్త్రీ పేరు మాత్రం ఎక్కడా లేదు.

సమాధుల మరమ్మతు అంటే నిజంగా ఆ మేస్త్రీ పనికి మరమ్మతు. ఇక్కడ సున్నం గురించి కొంచెం చెప్పాలి. చాలామంది దీన్ని చిన్న విషయం అనుకుంటారు, నాకు ఇదే అసలు విషయం. సున్నపురాయిని బట్టీలో కాల్చి, నీళ్లలో విరిచి, రోజుల తరబడి నానబెట్టి, ఇసుకతో కలిపి ఎద్దులు తిప్పే రాతి గానుగలో మెత్తగా నూరితే వచ్చేది డంగు సున్నం. అందులో బెల్లం నీళ్లు, కరక్కాయ కషాయం, మారేడు గుజ్జు పడతాయి. మెరుపు కావాల్సిన పైపూతకు కోడిగుడ్డు సొన. కరక్కాయ మన ములుగు, ఆదిలాబాద్ అడవుల సరుకే. ఈ సున్నం గట్టిపడటానికి గాలిలోని బొగ్గుపులుసు వాయువును మెల్లమెల్లగా పీల్చుకుంటుంది, ఏళ్లు గడిచేకొద్దీ తిరిగి రాయిగా మారుతుంది. వానకు గోడ తడుస్తుంది, ఎండకు ఆ తడిని వదిలేస్తుంది. గోడ ఊపిరి పీల్చుకున్నట్టే.

అలాంటి గోడకు సిమెంట్ పూస్తే ఏమవుతుంది? లోపలి తడికి దారి మూసుకుపోతుంది. నేలలోంచి పైకి పాకే ఉప్పు ఆ పూత వెనక గడ్డకట్టి పాత గచ్చును లోపలి నుంచి పొడి చేస్తుంది. పైకి గోడ కొత్తగా కనిపిస్తుంది, పదేళ్లకు పలకలు పలకలుగా రాలుతుంది. కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర 2013 నుంచి పనిచేసిన ఆగాఖాన్ ట్రస్ట్ వాళ్లు గత శతాబ్దంలో "బాగు చేసినవాళ్లు" పూసిన సిమెంట్‌ను గీకి తీయడానికే బోలెడు సమయం పెట్టాల్సి వచ్చింది. పైగా సమాధుల్లో ఆరింటి పని కూడా అదే సంస్థ చేతికి వెళ్లింది. 2023లో అమెరికా రాయబార కార్యాలయం తన సాంస్కృతిక నిధి నుంచి ఇందుకు రెండున్నర లక్షల డాలర్లు ప్రకటించింది. మన లెక్కలో సుమారు 2 కోట్ల రూపాయలు.

రెండు కోట్లు! ఒక ఔటర్ రింగ్ రోడ్డు జంక్షన్‌లో పూలమొక్కలకు అయ్యే ఖర్చు ఎంతో నన్ను అడగకండి. రాష్ట్ర ప్రభుత్వ రక్షణలో ఉన్న కట్టడానికి ఈ సొమ్ము కోసం వాషింగ్టన్ వైపు చూడాల్సి రావడం ఎవరికైనా చిన్నతనంగా అనిపించిందా? అన్నట్టు, ఆ దేశపు కాన్సులేట్ 2008 నుంచి 2023 దాకా నడిచింది బేగంపేటలోని పైగా ప్యాలెస్‌లోనే. అద్దెకున్న వాళ్లకు ఇల్లుగలాయన సమాధి మీద ఉన్నంత పట్టింపు, ఆ ఇంటికి రాళ్లెత్తిన ప్రజల ప్రభుత్వానికి లేకపోయింది.

డబ్బున్న వారసులే చూసుకుంటారులే అనేవాళ్లు దోమకొండను చూపిస్తారు. కామారెడ్డి జిల్లా దోమకొండ కోటను ఆ సంస్థాన వంశీకులే బాగు చేయించారు, 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ అవార్డుల్లో దానికి గుర్తింపు దక్కింది. పని బాగా చేశారు, అందులో సందేహం లేదు. కానీ వారసులు బాగుచేసిన చోట వారసుల కథే వినపడుతుంది. ఇది మానవ సహజం, వాళ్లను తప్పుపట్టి లాభం లేదు. ఎన్ని ఊళ్లలో, ఎన్ని సంస్థానాలకు అంత స్తోమత ఉన్న, అంత మనసున్న వారసులు దొరుకుతారన్నది వేరే ప్రశ్న. ఫలక్‌నుమా ఇవాళ తాజ్ వాళ్ల హోటల్. ఒక్క రాత్రి గది అద్దె వింటే జాగీరు రైతు ఎన్నేళ్ల శిస్తు అయ్యుంటుందోనని గుండె గుభేలుమంటుంది. ఆదాయం వచ్చే కట్టడాన్ని మార్కెట్ కాపాడుకుంటుంది. సమాధిలో గది అద్దెకివ్వలేం కదా. కనుక అది ప్రజల ఖర్చు, ప్రజల నిర్ణయం, ప్రజల కథ కావాలి.

కథ అన్నాను కాబట్టి నా అసలు డిమాండ్ చెబుతాను. పిసల్‌బండ గేటు దగ్గర ఒక బోర్డు పెట్టాలి. అమీరుల బిరుదులు, వంశవృక్షం ఎలాగూ ఉంటాయి. వాటి పక్కనే ఆ ఇంటి జాగీరు గ్రామాల పేర్లు, తాలూకాల వారీగా, శిస్తు ఎంత వచ్చేదో అంకెలతో సహా ఉండాలి. వికారుల్ ఉమ్రా సమాధి ముందు నిలబడిన పిల్లవాడు "ఇందులో మా ఊరు ఉంది" అని వేలుపెట్టి చూపించగలగాలి. ఇదే పద్ధతి మన విస్నూరుకూ, మిగిలి ఉన్న ప్రతి గడీకీ రావాలి. కాపాడటమంటే భజన చేయడమని భయపడేవాళ్లకు ఇంతకన్నా మంచి జవాబు నాకు తోచడం లేదు.

ఆ అంకెలు ఎక్కడి నుంచి వస్తాయి? తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్ నుంచి, జిల్లాల రెవెన్యూ రికార్డు గదుల నుంచి. అసలు చిక్కు అక్కడే ఉంది. ఆ కాగితాలు ఫార్సీలో, 1880ల తర్వాత ఎక్కువగా ఉర్దూలో ఉన్నాయి. అదీ అచ్చు పుస్తకాల ఉర్దూ కాదు. గుమాస్తాలు గబగబా గీసిన గొలుసుకట్టు శికస్తా రాత. దాన్ని చదివే కళ్లు ఏటేటా తగ్గిపోతున్నాయి. మన ప్రాంతంలో భూమి తగాదా ఉన్న ప్రతి రైతుకూ ఈ బాధ తెలుసు. సేత్వార్, అంటే పాత సర్వే నాటి భూమి రికార్డు, నకలు తీసుకుంటాడు, అందులో ఏముందో తెలియక ఉర్దూ వచ్చిన రిటైర్డ్ ఉద్యోగి ఎవరైనా ఉన్నారా అని ఆఫీసు చుట్టూ, టీకొట్ల చుట్టూ తిరుగుతాడు. ఆయన చదివి చెప్పిందే వేదం. భూమి రికార్డులకు ధరణి పోర్టల్ వచ్చింది, పోయింది, భూభారతి వచ్చింది. పోర్టల్ పేరు ఎన్నిసార్లు మార్చినా మూలం ఆ పాత దస్తావేజులోనే ఉంది. మూలాన్ని చదవలేని ప్రభుత్వం పైన ఎంత మంచి సాఫ్ట్‌వేర్ పెట్టినా ప్రయోజనం ఏమిటి?

తెలంగాణ వచ్చాక చరిత్రను తిరగరాసుకుంటామని చాలా మాటలు విన్నాం. రెండు శతాబ్దాల మన గ్రామీణ చరిత్ర, ఏ ఊరు ఎవరి కింద ఉంది, ఎంత కట్టింది, కరువులో ఎంత మాఫీ అయింది, ఎవడు ఎదురు తిరిగాడు అన్నదంతా మనం చదవలేని లిపిలో బీరువాల్లో ఉంది. ఉర్దూను ముస్లింల భాషగా ఒక మూలకు నెట్టి మన తాతల రైతు చరిత్రకు మనమే తాళం వేసుకున్నాం. తమాషా ఏమిటంటే, 19వ శతాబ్దంలోనే సైన్సు పుస్తకాలను ఉర్దూలోకి అనువదింపజేసి అచ్చు వేయించింది ఇదే పైగా ఇంటి షంసుల్ ఉమ్రా. శిస్తు వసూలు చేసినవాడే లోకజ్ఞానాన్ని ఇక్కడి భాషలోకి తెప్పించాడు. రెండూ నిజాలే, రెండూ బోర్డు మీద ఉండాల్సిందే.

కాబట్టి సమాధుల మరమ్మతు నిధుల్లో కొంత ఈ కాగితాల పనికి పెట్టాలంటాను. సున్నం పనికి వరంగల్‌లో ఒక శిక్షణ కేంద్రం, గానుగతో సహా. ఖిలా వరంగల్‌లో ఖుష్ మహల్ ఉంది, ఘనపురంలో ఒరిగిపోతున్న కోటగుళ్లు ఉన్నాయి, నేర్చుకునే వాళ్లకు పని కరువేమీ లేదు. దాని పక్కనే కాకతీయ యూనివర్సిటీలో శికస్తా చదవడం నేర్పే ఏడాది కోర్సు. మనుషులు దొరకరని ఫైలు మీద రాసే అధికారికి ఒక్క సూచన. మండీబజార్‌లో ఉర్దూ మీడియంలో చదువుకుని, డిగ్రీ పూర్తి చేసి, సెల్‌ఫోన్ షాపుల్లో బిల్లులు రాస్తున్న ఆడపిల్లలున్నారు. తెలుగు మాట్లాడతారు, ఉర్దూ రాస్తారు, కంప్యూటర్ వచ్చు. తాలూకాకు ఇద్దరు చొప్పున తీసుకుని, శికస్తా నేర్పించి, రికార్డు గది తాళం చెవులు వాళ్ల చేతికివ్వండి. జీతాలకు డాలర్లు అక్కర్లేదు, సేత్వార్ నకలుకు రైతు దగ్గర వసూలు చేస్తున్న ఫీజుతో మొదలుపెట్టొచ్చు.