బ్యాంకులకు అమ్మే మైళ్లను మరిచారు

కన్సల్టింగ్ ఇంటర్వ్యూల్లో అడిగే కేసుకు (వ్యాపార సమస్యకు) మీరిచ్చిన నమూనా జవాబు చదివాను. అందులో ఎయిర్‌లైన్ అదనపు ఆదాయాన్ని (టికెట్ ధర కాక వచ్చేదాన్ని) 'ప్రయాణికుల సంఖ్య, కొనేవారి శాతం, సగటు ధర' అని విడగొట్టమన్నారు. బ్యాగేజీ, సీటు ఎంపిక, భోజనం వరకు సరే. కానీ అమెరికాలోని పెద్ద ఎయిర్‌లైన్స్‌కు భారీగా డబ్బొచ్చేది క్రెడిట్ కార్డు బ్యాంకులకు మైళ్లు (టికెట్లుగా మార్చుకోగల రివార్డు పాయింట్లు) అమ్మి. అక్కడ కొనేది ప్రయాణికుడు కాదు, బ్యాంకు! 2020లో యునైటెడ్ ఎయిర్‌లైన్స్ తన మైళ్ల పథకం మైలేజ్‌ప్లస్‌ను తాకట్టు పెట్టి వందల కోట్ల డాలర్ల అప్పు తెచ్చుకుంది మరి. ఈ కొమ్మ లేకుండా, సమస్యను భాగాలుగా విడగొట్టి చూపే చెట్టు గీస్తే ఇంటర్వ్యూయర్ అక్కడే పట్టుకుంటారు.

ఇంకోటి. బ్యాగుకు ఛార్జీ పెడితే (2008లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ మొదటి బ్యాగుకు 15 డాలర్లు పెట్టింది) కొందరు సామానంతా క్యాబిన్‌లోకే తెస్తారు, బోర్డింగ్ సాగుతుంది. ఆ నష్టాన్ని, ఛార్జీ వల్ల చేజారే టికెట్ల ఆదాయాన్ని తీసేశాకే ఆదాయంలో పెరుగుదల ఎంతో చెప్పాలి. మీ నమూనా జవాబులో ఆ తీసివేతే లేదు.